ముగ్యో మతస్థుడు

మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. అంటే, చదువుతోందని వాళ్ళమ్మ నమ్మకం. నాకు కనపడినంతవరకు అది ఫోన్‌లో కొరియా సీరియళ్ళు చూస్తోంది. మొన్న సాయంత్రం నా పక్కనే కూర్చుని చూస్తుంటే నేనూ తల దూర్చాను. ఒక బల్ల, దాని మీద అన్నం, చేప, పండ్లు. వెనక ఒక ముసలావిడ ఫోటో. నల్ల కోటు తొడుక్కున్న కుర్రవాడొకడు ఆ బల్ల ముందు మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనించి మొక్కుతున్నాడు.

"వీళ్ళల్ల శానా మందికి మతమే లేదంట తాతా. నెట్‌ల ఉంది" అంది.

"మతం లేకుంటే ఆ మొక్కుడేందే?"

"అది మతం కాదు తాతా, కల్చర్."

ఎంత సులువుగా తేల్చేసిందో! ఈ ఒక్క ముక్క చెప్పే నాథుడు లేకనే ఒమాన్‌లో, ఇబ్రా దగ్గర, ఒక క్యాంపు క్యాంపంతా ఏడాదికి పైగా బుర్రలు బద్దలు కొట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే అక్కడి మా కొరియా ఇంజనీర్ గుర్తొచ్చి కళ్ళు తడయ్యాయి. ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఎనభై దాటి ఉంటాయి.

తొంభైల మొదట్లో మాట. మా కొరియా కంపెనీ ఇబ్రాకు అవతల ఒక వాదీ మీద వంతెన కడుతోంది. వాదీ అంటే ఏడాది పొడుగునా ఇసుక, వాన పడ్డ ఒక్క పూట ఏరు. నేను సైట్‌లో టైమ్ కీపర్‌ని. జగిత్యాలలో ఇంటర్ పాసైన పుణ్యానికి ఎండలో కాకుండా నీడలో కూర్చునే యోగం దక్కింది. ఆయన మాకు కొత్తగా వచ్చిన ఇంజనీర్. పొట్టి మనిషి. మెడ చుట్టూ తెల్ల తువ్వాలు, హెల్మెట్ కింద మరో టోపీ. నడిస్తే పరుగెత్తినట్టుండేది, నిలబడితే ఎవరో బలవంతంగా ఆపినట్టుండేది. అంతకుముందు గల్ఫ్‌లో చాలా సైట్లు తిరిగాడు కనుక ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ మూడింటినీ కలిపి, మూడింటి వ్యాకరణాన్నీ తీసి పారేసి మాట్లాడేవాడు. చదివేవాళ్ళ మీద దయతో ఆయన మాటల్ని వీలైనంతవరకు తెలుగులోనే రాస్తాను.

కొత్త మనిషి ఎదురైతే మనవాళ్ళకు మూడు ప్రశ్నలుంటాయి. పేరు, ఊరు, మూడోది. పేరు అడిగాం కానీ పలకలేకపోయాం. దేశం తెలిసిందే. మూడోది అడిగే ధైర్యం మా ఫోర్మన్ ఖాన్‌కే ఉంది. ఖాన్‌ది పెషావర్. ఆరడుగుల మనిషి, మనసు మంచిదే, కానీ తనకు తెలియని సంగతి లోకంలో ఒకటుందంటే ఒప్పుకోడు.

"సాబ్, ఆప్‌కా మజహబ్ క్యా హై?" అని భోజనాల దగ్గర మతం అడిగేశాడు.

ఆయన సూప్ తాగడం ఆపి, "ముగ్యో" అన్నాడు. మళ్ళీ సూప్‌లో పడ్డాడు.

క్యాంపులో ఆ పేరు విన్నవాడు ఒక్కడూ లేడు. వినలేదని ఒప్పుకున్నవాడూ లేడు. ఖాన్ గడ్డం నిమురుకుంటూ "అచ్ఛా, ముగ్యో!" అన్నాడు, ముగ్యోలు పెషావర్‌లో తమ పక్క వీధిలోనే కాపురముంటున్నట్టు. అకౌంట్స్ చూసే మాథ్యూ సార్ కొట్టాయం మనిషి, శుక్రవారాలు తన గదిలో ప్రార్థన నడిపిస్తాడు. ఆయన గొంతు తగ్గించి, "బౌద్ధుల్లో ఒక శాఖ. నేను చదివాను" అన్నాడు. మా సెంట్రింగ్ మేస్త్రీ మల్లన్న నా చెవి దగ్గరికొచ్చి, "ముగ్గు తమ్మీ, ముగ్గు. వీళ్ళు పొద్దున లేస్తే ముగ్గును మొక్కుతరు కావచ్చు" అన్నాడు. మల్లన్నది మా దిక్కే, నాకన్నా చాలా పెద్దవాడు. సెలవుకు ఇంటికెళ్తే పెళ్ళాం పిల్లల్ని చూడకముందు కొండగట్టు గుడి మెట్లెక్కే రకం.

అలా ఇబ్రా మెస్‌లో ముగ్యో మతం పుట్టింది. ఆయనకేమో ముగ్యో సాబ్ అని పేరు స్థిరపడింది.

మతమన్నాక ఆచారాలుండాలి కదా. ఆయన చెప్పడు కనుక ఆయన్ని చూసి మేమే పోగేసుకున్నాం. ఏ వస్తువైనా రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో పుచ్చుకోవాలి. టీ కప్పయినా సరే, మేకుల డబ్బా అయినా సరే. ఆయన సుత్తి అందించే తీరు చూస్తే కల్యాణంలో అక్షింతలు అందిస్తున్నట్టుండేది. మనిషి పేరు ఎర్ర సిరాతో రాయకూడదు. డ్యూటీకి రాని వాళ్ళ పేర్లు నేను ఎర్ర పెన్నుతో రాస్తుంటే ఒకరోజు చూసి, పెన్ను లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. "చచ్చినవాళ్ళనా రాస్తున్నావు?" అని కేకలు. "జ్వరమొచ్చింది సాబ్, అంతే" అన్నాను. "నువ్విట్లా రాస్తే జ్వరంతో ఆగదు" అన్నాడు. మరోరోజు కొరియా వాళ్ళ మెస్‌లో తింటూ, చెంచాను అన్నంలో నిలువుగా గుచ్చి నీళ్ళకు లేచాను. అవతలి బల్ల నుంచి పరుగెత్తుకొచ్చి దాన్ని పీకి పక్కన పడుకోబెట్టాడు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. పంకా సంగతే మా ప్రాణం మీదికొచ్చింది. తలుపులు కిటికీలు మూసిన గదిలో పంకా వేసుకుని పడుకుంటే మనిషి చచ్చిపోతాడని ఆయన గట్టి నమ్మకం. ఏసీలు పాడైన రోజుల్లో మేం మధ్యాహ్నం పూట పంకా కింద నడుం వాలిస్తే, ఆయన రూమ్ రూమ్‌కీ తిరిగి కిటికీలు బార్లా తెరిచి పోయేవాడు. బయట ఇసుక గాలి. లేచేసరికి పెసరట్టు మీద రవ్వ చల్లినట్టుండేవాళ్ళం.

"పంక ఏసుకుంటె ఎవ్వడు సావలేదు సాబ్, మా ఊళ్ళె!" అని మల్లన్న మొత్తుకునేవాడు.

"మీ ఊళ్ళో కిటికీలకు సందులుంటాయి" అనేవాడు ఆయన.

ఇక వంతెన స్తంభాలు. ఒకటి, రెండు, మూడు, ఆ తరవాత ఇంగ్లీషు అక్షరం ఎఫ్, ఆ తరవాత అయిదు. నాలుగంటే వాళ్ళ భాషలో చావు మాటలా వినపడుతుందట. "నాలుగో స్తంభం కాడ సిమెంటు దించు" అన్న పాపానికి ఒక లారీ డ్రైవర్ దించకుండానే వెనక్కి పోవాల్సి వచ్చింది.

ఇంత చేసీ ఆయన రోజూ గుండె మీద చెయ్యి వేసుకుని అనే మాట ఒకటే. "భగవాన్ నై. అల్లా నై. జీసస్ నై. ఓన్లీ సిమెంట్." మేం దీన్ని ముగ్యోల వినయమనుకున్నాం.

ఆయన్ని తమవైపు లాక్కోవాలని అందరికీ ఉండేది. రంజాన్ నెలలో సైట్‌లో ఎవరి ఎదుటా మంచినీళ్ళు కూడా తాగలేదని, విగ్రహం అన్నది గదిలో లేదని, ముక్కాలు వంతు తమవాడేనని ఖాన్ లెక్క. భార్య చర్చికి వెళ్తుందని, పాటల క్యాసెట్లు పంపుతుందని తెలిశాక మాథ్యూ సార్ ఆ మిగిలిన పావు పట్టుకుని మొత్తం లాగేద్దామని చూశాడు. మల్లన్న మాత్రం తొందరపడలేదు. "ఎక్కడికి పోతడు తమ్మీ, తిరిగి తిరిగి మన కాడికే వస్తడు" అనేవాడు. గుమ్మడికాయ రోజున ఆ మాట నిజమయిందని మల్లన్న చచ్చేదాకా నమ్మాడు.

ఆ గుమ్మడికాయ కథ ఇది. ఎఫ్ స్తంభం దగ్గర క్రేన్ తీగ తెగి ఇనుప చట్రం కిందపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రం ఆయన నన్ను ఆఫీసు వెనక్కి పిలిచి, "కోసా చెయ్యాలి" అన్నాడు. కొత్త పనికి, కొత్త యంత్రానికి కీడు జరగకుండా వాళ్ళు చేసే తంతు. ఏం కావాలి సాబ్ అంటే, "పంది తల" అన్నాడు.

ఒమాన్ దేశంలో, ఖాన్ ఫోర్మన్‌గా ఉన్న సైట్‌లో, పంది తల! "సాబ్, మనిద్దరి తలలు పెట్టుకుని చెయ్యాల్సి వస్తది" అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చివరికి పంది మొహం గీస్తే చాలు, దేని మీద గీసినా పరవాలేదని తన దేవుళ్ళ తరఫున తనే రాజీకొచ్చాడు. బజారుకు పోయి నేనే ఒక కూర గుమ్మడికాయ తెచ్చాను. ఆయన నల్ల పెయింటుతో రెండు కళ్ళు, బొద్దు ముక్కు, ముక్కుకు రెండు పెద్ద రంధ్రాలు గీశాడు. నోరు కోసి అందులో ఒక రియాల్ నోటు కుక్కాడు. తెల్లటి బియ్యం కల్లు పొయ్యాలట, అది లేదు కనుక లబన్ ప్యాకెట్ తెచ్చుకున్నాడు. ఒమాన్‌లో తాగే మజ్జిగ అది. తెల్లగా ఉంటే చాలన్నాడు.

తెల్లారి స్తంభం దగ్గర ఆ కాయ పెట్టేసరికి మల్లన్న కళ్ళు మెరిశాయి.

"ఏందిది! మన దిష్టి గుమ్మడికాయనే గద తమ్మీ! నేను చెప్పలే?" అంటూ బ్రష్ తీసుకుని, సాబ్ వారించేలోపే, పందికి ఇంతేసి మీసాలు పెట్టేశాడు.

ఖాన్ అనుమానంగా చూసి, "యే క్యా హై?" అన్నాడు.

"నజర్, ఖాన్ భాయ్. నజర్ తగలకుండా" అన్నాను.

"నజర్ తో సచ్ హై" అని ఖాన్ తల ఊపి, తనూ బిస్మిల్లా చెప్పి క్రేన్ మీద చెయ్యి వేశాడు. మాథ్యూ సార్ దూరంగా సిమెంటు బస్తాల వెనక నిలబడి కళ్ళు మూసుకున్నాడు. సాబ్ మీసాల పందికి వంగి దణ్ణం పెట్టి, లబన్ పోసి, పని మొదలుపెట్టించాడు. ఆ తరవాత ఆ స్తంభం దగ్గర చిన్న గాయం కూడా కాలేదు. బిస్మిల్లా పనిచేసిందని ఖాన్, బస్తాల వెనక ప్రార్థన పనిచేసిందని మాథ్యూ సార్, మీసాలు పనిచేశాయని మల్లన్న. క్రేన్‌కు కొత్త తీగ ముందురోజే వేయించారని ఎవరూ గుర్తు చెయ్యలేదు. అది పంది అన్న సంగతి ఇప్పటిదాకా నా కడుపులోనే ఉంది. ఖాన్‌కు తెలుగు రాదన్న ధైర్యంతో ఇక్కడ బయటపెడుతున్నాను.

ముగ్యో మతం కూలిపోయింది మాథ్యూ సార్ పాండిత్యం వల్ల. మస్కట్ ఆఫీసు నుంచి ఒక కుర్ర కొరియా ఇంజనీర్ పని చూసిపోవడానికి వచ్చాడు. మాథ్యూ సార్ అతన్ని మర్యాదగా కూర్చోబెట్టి, "మీరు కూడా ముగ్యోయేనా?" అని అడిగాడు.

"కాదు, నేను క్రిస్టియన్ని" అన్నాడతను. "ముగ్యో అంటే ఏ మతమూ లేదని."

ఆ మధ్యాహ్నం మెస్‌లో ఎవరికీ ముద్ద దిగలేదు. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవాడు ఖాన్. "బే-మజహబ్!" అని పదేపదే అన్నాడు. మన దేశాల్లో వేరే మతం వాడితో ఏం చెయ్యాలో పుట్టుకతోనే తెలుస్తుంది. వాడితో పోట్లాడొచ్చు, వాడి ఇంటి పిల్లను చేసుకోకుండా ఉండొచ్చు, పండక్కి వాడి స్వీట్లు తినొచ్చు. ఏదీ లేదనేవాడితో ఏం చెయ్యాలో మనకెవరూ నేర్పలేదు. మల్లన్న మాత్రం చలించలేదు.

"ఆయన అబద్దం చెప్తుండు తమ్మీ. ఎర్ర సిరకు భయపడ్తడు, పంకకు భయపడ్తడు, నాలుగుకు భయపడ్తడు. ఇన్ని భయాలున్నోనికి దేవుడు లేకుంట ఎట్ల ఎల్తది?"

ఇదే మాట నేను సాబ్‌ను అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది రిలీజియన్ కాదు. సేఫ్టీ" అన్నాడు.

ఆ రోజే ఆయన తన ఇంటి సంగతి చెప్పాడు. అమ్మ బుద్ధుడి గుడికి పోతుంది. తమ్ముడు చర్చికి పోతాడు. భార్య కూడా అదే చర్చికి పోతుంది, కాకపోతే తమ్ముడి కన్నా ముందు వరసలో కూర్చుంటుంది. పోయిన నాన్నది పెద్దలకు మొక్కే పద్ధతి, తాత ముత్తాతల పేర్లన్నీ కంఠతా ఉండేవి. వాళ్ళ ఊళ్ళో పొద్దు గూకితే మేడ మేడకీ ఎర్ర శిలువ దీపం వెలుగుతుందట. "అందరూ తలో దిక్కు దేవుడి దగ్గరికి పోతే, ఇంటికొచ్చినవాళ్ళకు తలుపు తియ్యడానికి ఒక్కడన్నా ఉండాలి కదా" అన్నాడు. "ఆ ఒక్కణ్ణి నేను."

అప్పుడు నవ్వాం ఇద్దరం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. మగ గొంతు, కొరియా భాష. పిలిపించి ఆయనకిచ్చాను. నిలబడే విన్నాడు. "నే... నే... నే" అన్నాడు, అంటే అవునని. ఫోన్‌ను రెండు చేతులతో దాని చోట పెట్టి బయటికి పోయాడు. ఎఫ్ స్తంభం దగ్గర లెవెల్ చూసుకుని, ఇద్దరు మనుషుల్ని తిట్టి, వెనక్కి వచ్చి నాతో, "మామా ఖలాస్" అన్నాడు.

సైట్ భాషలో సిమెంటు అయిపోతే ఖలాస్, డ్యూటీ అయిపోతే ఖలాస్. తల్లి పోయిందని చెప్పడానికి కూడా ఆయన దగ్గర అదే మాట ఉంది. రెండు చేతులతో ఆయన చేతులు పట్టుకున్నాను.

తమ్ముడు ఫోన్ చేసింది అంతా అయిపోయాక. చర్చి పాటలతో సాగనంపారు. బల్ల వెయ్యలేదు, అన్నం పెట్టలేదు, ఎవరూ మొక్కలేదు. పెద్దకొడుకు వెళ్ళడానికి అక్కడేమీ మిగలలేదు. ఆయన బాధ అది ఒక్కటే అయితే బాగుండేది. కిందటిసారి సెలవు ముగించి వస్తున్నప్పుడు ఆ తల్లి బస్సు దాకా వచ్చి ఒక మాట అందట. "వాళ్ళనెవ్వరినీ నేను అడగను. వాళ్ళ దేవుడు ఒప్పుకోడు. నీకు ఏ దేవుడూ లేడు కదా, నీ మోకాళ్ళు ఖాళీయే కదా. నేను పోయాక నువ్వు మొక్కు." ఆయన సరేనన్నాడు.

మర్నాడు భార్య ఫోన్ చేసింది. ఆవిడ ఏడ్చిందట. అత్తకు చివరిదాకా సేవ చేసింది ఆవిడే. "నీ సంగతి నాకు తెలుసు, అక్కడ దొంగతనంగా మొక్కుతావు. ఫోటోకు మొక్కావంటే రేపు పరలోకంలో నువ్వో చోట, నేనో చోట ఉంటాం. అంత దూరం నేను భరించలేను. ఇప్పటికే ఒమాన్ దూరం భరిస్తున్నాను" అంది. దానికీ ఆయన సరేనన్నాడు.

"పరలోకం సంగతి నాకు తెలియదు" అన్నాడు నాతో. "భార్య సంగతి తెలుసు."

మూడో రోజు మధ్యాహ్నం మల్లన్న రొప్పుతూ నా దగ్గరికొచ్చాడు. "తమ్మీ, సాబ్ తలుపు మూసి, కిటికీ మూసి, పంక ఏసుకుని పండుకున్నడు!" నేను ఆ పిచ్చి నమ్మకాన్ని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం పరుగెత్తాను. తలుపు తోసి కిటికీ బార్లా తెరిచాను. ఆయన కళ్ళు తెరిచే పడుకుని పంకా కేసి చూస్తున్నాడు. నాకు చాలా భయమేసింది.

అప్పుడు క్యాంపు కదిలింది. ఖాన్ వచ్చి తను దువా చేయిస్తానన్నాడు. మాథ్యూ సార్ ఒక మంచి పాట పాడుదామన్నాడు. మల్లన్న మంచం పక్కన గొంతుకూర్చుని తన హిందీలో ఒకటే మాట అన్నాడు. "సాబ్, మా భూఖా హై. బేటా ఖానా నై దియే సో, మా భూఖా ఫిర్తా."

కొడుకు అన్నం పెట్టకుంటే తల్లి ఆకలితో తిరుగుతుందన్న ఆ ముక్కకు ఆయన లేచి కూర్చున్నాడు. "అన్నం పెడతాను" అన్నాడు. "మొక్కొద్దని చెప్పింది. అన్నం వద్దని చెప్పలేదు." మొక్కడమా మానడమా అన్నది మాత్రం తేల్చుకోలేదు.

శుక్రవారం మిగతా కొరియా వాళ్ళంతా మస్కట్‌కు ప్రార్థనకు పోతారు. వాళ్ళ కంటపడితే భార్యకు తెలుస్తుంది కనుక ఆ పొద్దునే ముహూర్తం. చోటు మల్లన్న ఎంచాడు. మెస్ వెనక, చెత్త డ్రమ్ములకు కాస్త ఇవతల. ఎందుకక్కడ అని సాబ్ అడగలేదు, మేం చెప్పలేదు. పర్సులో ఉన్న తల్లి ఫోటో చిన్నది. దాన్ని ఆఫీసు జిరాక్స్ మీద పెద్దది చేసి తెచ్చినవాడు మాథ్యూ సార్. "పెద్దది చెయ్యడం పాపం కాదు, మొక్కడమే పాపం" అన్నాడు. జిరాక్స్‌లో ఆమె మొహం సగం నల్లబడింది. ఖాన్ గిన్నె నిండా ఖర్జూరాలు తెచ్చిపెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. అన్నం మల్లన్న వండాడు. వేయించిన చేప, యాపిల్ పండ్లు పెట్టారు. సాబ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, అన్నంలో చెంచా నిలువుగా గుచ్చాడు. అలా గుచ్చేది చనిపోయినవాళ్ళకేనని అప్పుడు తెలిసింది నాకు.

తరవాత ఫోటో ముందు నిలబడ్డాడు. మోకాళ్ళు కొంచెం వంగుతాయి, మళ్ళీ నిటారవుతాయి. మాథ్యూ సార్ ఆ మోకాళ్ళనే చూస్తున్నాడు. తెలుగువాళ్ళం అయిదారుగురం మాత్రం ఆయన్ని చూడట్లేదు. మెడలెత్తి ఆకాశం కేసి చూస్తున్నాం.

వచ్చింది. మన కాకి కన్నా పెద్దది, మెడ దగ్గర గోధుమ రంగు, ఎడారి కాకి. డ్రమ్ము మీద వాలింది, అటూ ఇటూ చూసింది, ఎగిరొచ్చి అన్నంలో ముక్కు పెట్టింది.

"ముట్టింది! ముట్టింది!" అని మేమంతా చప్పట్లు కొట్టాం.

సాబ్ మొహం పాలిపోయింది. వాళ్ళ దేశంలో కాకి అపశకునమట, ఇంటి మీద వాలితేనే చావు కబురట. తల్లి అన్నంలో కాకి! కేక పెట్టి, వంగి, పిడికిలంత రాయి ఎత్తాడు. పిండం కాకి ముట్టాలన్న సంగతి ఆయనకు చెప్పాలని మాలో ఒక్కడికీ తట్టలేదు. అది చెప్పాల్సిన సంగతని ఎవరనుకుంటారు?

మల్లన్న ఒక్క దూకు దూకి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మారో మత్ సాబ్! మా హై! మా!"

"మా?"

"తుమ్హారా మా. ఖానే కో ఆయా."

ఆయన కాకి కేసి చూశాడు. కాకి ఒక కన్ను ఆయన మీద, ఒక కన్ను చేప మీద పెట్టింది. వాళ్ళమ్మ చేప ఇష్టంగా తినేదో లేదో నాకు తెలియదు. ఆయన చేతిలోంచి రాయి జారింది. ముందుకు వంగి, రెండు చేతులతో, చేప పళ్ళేన్ని దాని వైపు జరిపాడు.

"ఒమ్మా" అన్నాడు.

అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కాకి చేపను నోట కరుచుకుని చెత్త డ్రమ్ము మీదికి ఎగిరింది. ఆయన ఫోటో వైపు వీపు తిప్పి, డ్రమ్ము వైపు తిరిగి, మోకాళ్ళ మీద కూలి, ఇసుకలో నుదురు పెట్టాడు. లేచాడు. మళ్ళీ పెట్టాడు.

మాథ్యూ సార్ ఫోటోను చూశాడు, ఆయన్ని చూశాడు, డ్రమ్మును చూశాడు. "ఫోటోకు కాదు" అని పెద్దగా ఊపిరి వదిలాడు. అటు తిరిగి ఉంటానన్న ఖాన్ ఎప్పుడు ఇటు తిరిగాడో, ఇసుక పడిందంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

సాబ్ లేచి నుదుటి ఇసుక కూడా తుడుచుకోకుండా మల్లన్న దగ్గరికొచ్చాడు. "చిన్నప్పుడు నేను కాకుల్ని రాళ్ళతో కొట్టాను. చాలా కాకుల్ని" అన్నాడు, నేరం ఒప్పుకుంటున్న గొంతుతో.

నేను ఆ మాట మల్లన్నకు తెలుగులో చెప్పాను.

"అవి వేరేటోళ్ళ అమ్మలని చెప్పు తమ్మీ. ఫికర్ చెయ్యద్దని చెప్పు."

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. భార్య. ఆయన నిలబడి విన్నాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఆయన ఒక్కసారే "అనియో" అన్నాడు, అంటే లేదని. ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నది సాబ్?" అన్నాను.

"ఫోటోకు మొక్కావా అని అడిగింది. లేదన్నాను." నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. "అబద్ధం చెప్పలేదు."

"చెప్పలేదు" అన్నాను.

"కాకి సంగతి అడగలేదు" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. తల్లి పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.